ఊపిరియు నొప్పియు

మనవారికి వ్యాధులకంటె వ్యాధుల పేర్లు భయంకరములు. మశూచికమును అమ్మవారనిరి. పాము కఱచినచో పురుగు ముట్టినదనిరి. దీప మాఱినచో కొండెక్కినదనిరి. భాషకు సౌకుమార్యము భూషణమే. కాని రోగిని వైద్యునికడకు పోనీయని సౌకుమార్యము భూషణము గాదు, సంకెల. ఊపిరితిత్తులలో పుట్టు క్యాన్సరు విషయమున మనము నేటికిని జేయుచున్న దిదియే. ఇంట నొకరికి ఆ వ్యాధి వచ్చెనా, వీథిలోవారికి నెమ్మని చెప్పుదురు. దూరపు చుట్టములకు ఆయాసమని వ్రాయుదురు. ఒక్కొక్కయింట రోగికే నిజము చెప్పరు. శస్త్రచికిత్స జరిగి రోగి యిల్లు చేరిన పిమ్మట రెండవ మౌన మొకటి ప్రారంభమగును. వ్యాధి పేరు చెప్పరాదు సరే, బాధను గూడ చెప్పరాదట! "గండము గడిచింది గదా, ఇంకా నొప్పి నొప్పి అంటావేమిటి?" అని యడుగువారు మనకు కొఱతగా లేరు. మొదటి మౌనము వ్యాధిని పెంచును. రెండవది కోలుకొనుటను చెఱచును. ఈ రెండవదానిని గూర్చి అనుభవించినవాడు వ్రాయుట మేలని తలంచి వ్రాయుచున్నాను.

నేను బడిపంతులను. ఇరువదేండ్లకు పైగా తెలుగును సంస్కృతమును పిల్లలకు చెప్పుచున్నాను. నలుబదియైదవయేట నా కుడి ఊపిరితిత్తి పైభాగమున గడ్డ కనబడగా, ఆ భాగమును తీసివేసిరి. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలును, ఎడమదానికి రెండును ఉండును. అందొకటి పోయినను మిగిలినవి కొంత విరిసికొని ఆ చోటు నాక్రమించును. క్రిందనున్న ఉదరవితానము కొంత పైకి జరుగును. శరీరము ఖాళీని సహింపదు. ఈ యేర్పాటును తలంచినపుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును. కాని యా విరియుట దానంతట అది పూర్తిగా జరుగదు. మనము ఊపిరిని లోతుగా పీల్చి దానికి సాయపడవలయును. లోతుగా పీల్చనీయకుండ నడ్డుపడునది నొప్పి.

ఈ నొప్పి యెక్కడిదో చెప్పెదను. ప్రతి ప్రక్కటెముక క్రిందియంచున నొక సన్నని గాడి కలదు. అందు సిర, ధమని, నరము ఒకదానిక్రింద నొకటి సాగిపోవును. నరము అన్నిటికంటె దిగువ నుండుటచే ఎముక దానికి చాలినంత కాపు గాదు. శస్త్రవైద్యుడు ఊపిరితిత్తిని చేరవలెనన్న రెండు ప్రక్కటెముకల నడుమ త్రోవచేసికొని, పరికరముతో వానిని ఎడము చేయవలసియుండును. అప్పుడా నరము నలుగవచ్చును, సాగవచ్చును, తెగవచ్చును. చిన్న రంధ్రములగుండ చూచుచు జేయు నూతనపద్ధతిలో ఈ బాధ సామాన్యముగా తక్కువ. అందును బొత్తిగా లేకపోదు. చర్మముపై గాయము కొన్ని వారములలో మానును. నలిగిన నరము మాత్రము, కారణము లేకున్నను, కారణమున్నట్లే మెదడునకు వార్తలు పంపుచుండును. రొమ్ము తెఱచి శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో ఇంచుమించు సగముమందికి ఆఱు మాసముల తరువాతను ఎంతో కొంత నొప్పి యుండునని వైద్యుల లెక్కలు చెప్పుచున్నవి. కొందఱికి అది కేవల మసౌకర్యము. కొందఱికి నిద్ర పట్టనీయని బాధ.

నాకది కుడి రెక్కయెముక క్రింద మొదలై, చంక దిగువగా ముందునకు చుట్టి, ఱొమ్మువఱకు వెడల్పాటి పట్టీవలె నుండెను. ఆ మేర వ్రేలితో నొక్కినచో తెలియదు. ఉత్తరీయపుటంచు సోకినచో నిప్పంటినట్లుండును. ఒకప్పుడు పచ్చికారము పూసిన మంట, ఒకప్పుడు సూదులు, ఒకప్పుడు కన్నుమూసి తెఱచునంతలో వచ్చిపోవు మెఱుపు. మొద్దుబాఱినచోటనే మంట యుండుట వినువారికి వింతగా దోచును. నరము చెడినపుడు ఈ రెండును కలిసియే వచ్చును. జందెము ఎడమభుజమునుండి దిగి కుడిచంక క్రింద సరిగా నా పట్టీమీదనే ఒఱసికొనుచుండుటచే దానిని తీసి గూటిలో నుంచితిని. మా పినతండ్రిగారు చూచి నొచ్చుకొనిరి. "బాబాయిగారూ, నివీతమని ఒక పద్ధతి శాస్త్రంలోనే ఉంది గదా" అని దానిని దండవలె మెడలో వేసికొంటిని. ఆయనకు తృప్తి, నాకు సుఖము. శాస్త్రములు మనమనుకొన్నంత నిర్దయములు కావు. వానిని పట్టుకొన్న చేతులే బిగుసుకొన్నవి.

నొప్పికిని ఊపిరికిని గల లంకెను మొదట గ్రహింపవలయును. లోతుగా పీల్చిన ప్రక్క లాగును. లాగునని రోగి పైపైన పీల్చును. పైపైన పీల్చుటచే ఊపిరితిత్తి యడుగుననున్న వాయుగోణులు ముడుచుకొనిపోవును. దగ్గిన నొప్పియని దగ్గు నాపుకొనును; కఫము లోపలనే నిలుచును. ముడుచుకొన్నచోట, కఫము నిలిచినచోట, నెమ్ము చేరును. వీథిలోవారికి చెప్పిన అబద్ధము ఈవిధముగా నిజమగును! కావున నొప్పికి మందు వేయుట రోగిని గారాబము చేయుట గాదు. అది ఊపిరికి త్రోవ తీయుట. ఓర్చుకొనుమని చెప్పువారు ఈ సంగతి నెఱుగరు. తితిక్షను మన పెద్దలు గొప్పగుణముగా చెప్పినమాట నిజమే. తప్పింపరాని దుఃఖమును ఏడ్పులేక సహించుట తితిక్ష. తప్పింపదగినదానిని తప్పింపక మూల్గుచుండుటకు ఆ పేరు చెల్లదు.

ఆస్పత్రిలో నున్నపుడే మూడు చిన్న బంతులుగల యొక ప్లాస్టిక్కు పరికరమును నా చేతికిచ్చిరి. గొట్టమును నోట బెట్టుకొని గాలిని మెల్లగా లోనికి పీల్చినచో బంతులు పైకి లేచును. మేల్కొనియున్న ప్రతి గంటకును పదిసార్లు పీల్చవలెను. మొదటిదినమున ఒక్క బంతి సగము లేచి పడిపోయెను. దగ్గవలసివచ్చినపుడు తలగడను ప్రక్కకు గట్టిగా హత్తుకొని దగ్గుమనిరి. అట్లు చేసిన గాయము కదలిక తగ్గి దగ్గు సాధ్యమగును. ఊరక పండుకొనక కూర్చుండుట, వెంటనే నడక మొదలుపెట్టుట కూడ వైద్యములో భాగమే. మనయిండ్లలో కోసి కుట్టినవానిని మంచము దిగనీయకుండుట ప్రేమయనుకొందురు. ఊపిరితిత్తుల విషయమున ఆ ప్రేమ హాని చేయును.

కుడిచేతి సంగతి వేఱు. నొప్పి భయముచే భుజమును కదపకున్నచో అది పట్టివేయును. గోడకు ప్రక్కగా నిలిచి వ్రేళ్ళతో గోడపై ప్రాకించుచు చేతిని పైకి తీసికొనిపోవలయును. ఎంతవఱకు పోయినదో మా అమ్మాయి సుద్దతో గీత గీయుచుండెను. నల్లబల్ల పైయంచు ఎత్తునకు ఆ గీత చేరుటకు తొమ్మిది వారములు పట్టెను.

ఊపిరిని అదుపులోనికి తెచ్చుకొనుటకు వ్యాయామచికిత్స నేర్పిన యొక చిన్నది నాకొక పాఠము చెప్పెను. "మాస్టారూ, రెండు లెక్కపెట్టి ముక్కుతో పీల్చండి. నాలుగు లెక్కపెట్టి, పెదవులు సున్నా చుట్టి, మెల్లగా వదలండి. పొట్టమీద చెయ్యి పెట్టుకోండి, ఛాతీ కాదు, పొట్ట లేవాలి" అనెను. ఈ లెక్క నాకు క్రొత్తగాదు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. ఇరువదేండ్లుగా నేను చెప్పుచున్న పాఠమే. అందుచే నా ఊపిరిని ఛందస్సుతో కొలిచితిని. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు, 28 మాత్రలు. ఇల్లు చేరిన వారమున పదవ యక్షరమైన యతిస్థానమును చేరకముందే గాలి యైపోయెను. సంస్కృతమున యతి యనగా విరామము. తెలుగున యతి యనగా అక్షరమైత్రియే గాని ఆగవలసిన పని లేదు. ఈ భేదమును ఏటేట పిల్లలకు చెప్పువాడనే. ఇప్పుడు నాకు సంస్కృతయతియే శరణ్యమాయెను. మూడవమాసాంతమున పాదమంతయు ఒక్క ఊపిరిని చదివితిని. అయిదవమాసమున కందపద్యపు పూర్వార్ధము, అనగా 32 మాత్రలు, ఒక్క ఊపిరికి వచ్చెను. అక్షరములందును తారతమ్యమున్నదని తెలిసినది. ఒత్తక్షరములను మహాప్రాణములని మన వైయాకరణులు పిలిచిరి. వానికి గాలి యెక్కువ కావలయును. ఆ పేరెంత సార్థకమో నాకు ప్రక్కటెముకలు చెప్పినవి. అచ్చతెనుగు పలుకులలో ఒత్తు లించుమించుగా లేవు గనుక ఊపిరి తక్కువైనవానికి అచ్చతెనుగు పథ్యమని స్నేహితులతో పరిహాసమాడుచుంటిని. నవ్వినను ప్రక్క లాగెడిది.

ఊపిరి యిట్లు మెఱుగగుచుండగా నొప్పి మాత్రము తగ్గదాయెను. రాత్రి కుడిప్రక్కకు ఒత్తిగిల్లిన మంట. ఎడమప్రక్కకు ఒత్తిగిల్లిన లాగుడు. నాలుగవమాసమున ఒకానొక వైద్యుడు తెరమీద ఛాయాచిత్రమును చూచి, "అంతా బాగుంది మాస్టారూ. నొప్పి మీ ఆలోచనలో ఉంది" అనెను. ఛాయాచిత్రమున ఎముక కనబడును, గడ్డ కనబడును, నీరు కనబడును. నరమునందలి మంట కనబడదు. కనబడనిది లేదనుట తర్కశాస్త్రమున నిలువదు. నొప్పిని గూర్చి పరిశోధించు అంతర్జాతీయసంఘము 1979 లో ప్రకటించిన నిర్వచనమును 2020 లో సవరించుచు, నొప్పి యెల్లప్పుడును వ్యక్తిగతానుభవమనియు, తనకు నొప్పియున్నదని యొకరు చెప్పినమాటను గౌరవింపవలెననియు చేర్చినది. ఈ యొక్కమాట మన ఆస్పత్రుల గోడలపై పెద్దయక్షరములతో వ్రాయదగినది.

నొప్పికే వైద్యము చేయు మఱియొక వైద్యురాలు నన్ను పదినిమిషములు చెప్పనిచ్చి, దూదితో ఆ పట్టీని తాకి చూచి, "ఇది నరపు నొప్పి. మామూలు నొప్పి మాత్రలకు లొంగదు" అనెను. ఆమె గాబాపెంటిన్ అను మందును రాత్రిపూట తక్కువ మోతాదుతో మొదలుపెట్టించి మెల్లమెల్లగా పెంచెను. కొన్నాళ్ళకు అమిట్రిప్టిలిన్ అనునది 10 మిల్లీగ్రాములు చేర్చెను. మొదటిది మూర్ఛరోగమునకు పుట్టిన మందు. రెండవది మనోవ్యాకులతకు పుట్టినది. మందుపెట్టెలోని కాగితమును చదివి మా బావమఱది, "ఇదేమిటి బావా, ఇది మూర్ఛలవాళ్ళ మందట! రెండోది పిచ్చిదిగులు మందట! నిన్నేం చేద్దామనుకుంటున్నారు?" అని కంగారుపడెను. మందు ఏ వ్యాధికి పుట్టినను, అది చేయుపని యేదో చూడవలయును. మూర్ఛలోను నరపునొప్పిలోను నరములు హద్దుమీఱి ఉద్రేకించుట సమానము. ఆ యుద్రేకమును తగ్గించుటయే దాని పని. రెండవది తక్కువ మోతాదులో, దిగులు లేనివారికిని నొప్పివార్తలను మెదడునకు పోకుండ కొంత నిలుపును. పేరునకు భయపడి ఇట్టి మందులను మఱుగుదొడ్డిలో పాఱవేయువారు కలరు. ఇక్కడను వ్యాధికంటె పేరే పెద్దదైనది.

ఈ మందులకు దోషములు లేవని చెప్పను. మొదటి పదిదినములు పగలుకూడ మగతగా నుండెను, నోరెండెను, లేచినపుడు తల తిరిగెను. వీనిని తమంతట తాము హెచ్చించుకొనరాదు, ఒక్కసారిగా మానరాదు. నొప్పి బొత్తిగా పోయినదా యనిన, పోలేదు. పదియనుకొన్నది నాలుగైనది. ఆ నాలుగింటితో నిద్రపట్టును, అన్నము సయించును, లోతుగా ఊపిరి వచ్చును. నొప్పిని నిర్మూలించుటయే వైద్యమనుకొన్నవాడు నిరాశపడును. దానిని మనిషికంటె చిన్నది చేయుటయు వైద్యమే.

తీవ్రమైన క్యాన్సరు నొప్పికి మార్ఫీను ముఖ్యమైన మందు. మాదకద్రవ్యముల దుర్వినియోగము నరికట్టుటకు 1985 లో మనదేశమున చట్టము పుట్టినది. అది మంచిదే, కాని దాని కాఠిన్యమునకు జడిసి మందులవారు, ఆస్పత్రులవారు మార్ఫీనునే దూరముంచిరి. 2014 లో చట్టమును సవరించి వైద్యావసరమునకు దానిని పొందుమార్గమును సుగమము చేసిరి. చట్టము మాఱినంత శీఘ్రముగా మనస్సులు మాఱవు. "అలవాటైపోతుంది" అను భయముచే కడపటి దినములలో నున్న తల్లికి మందు వేయింపని కుమారులను నేనెఱుగుదును.

ఊపిరికి ప్రాణాయామమే మందని కొందఱు పెద్దలు సెలవిచ్చిరి. మెల్లగా, ఒత్తిడిలేక పీల్చి వదలుట నాకు నేర్పిన వ్యాయామమునకు సన్నిహితమే. కాని, పొట్టను ఎగురవేయుచు బలముగా ఊపిరి విడుచు కపాలభాతిని, దీర్ఘకుంభకమును క్రొత్తగా కోసిన రొమ్ముతో చేయుమనుట వేఱు. ఏది యెప్పుడు చేయదగునో రొమ్మును కోసినవారిని అడిగి చేయవలయును. గ్రంథము ప్రాచీనమైనంత మాత్రమున గాయము ప్రాచీనము కాదు.

ఆఱవమాసమున బడికి పోయితిని. అఱువదిమంది పిల్లలు, పైన పంకాల మోత. మెడకు తగిలించుకొను చిన్న ధ్వనివర్ధకము నొకదానిని కొంటిని. గంట పొడుగున మాటలాడలేను గనుక పద్యమును పిల్లలచేతనే చదివించి, అర్థమును వారిచేతనే చెప్పించి, తప్పినచోట నొక్కమాట అందించుచుంటిని. తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, మీకు నెమ్మటగదండీ, నెమ్ముకు ఆపరేషను చేస్తారాండీ?" అనెను. తరగతి నిశ్శబ్దమాయెను. "నెమ్ము కాదురా, క్యాన్సరు. ఆ భాగం తీసేశారు" అని చెప్పితిని. వాడు కూర్చుండెను. పాఠము సాగినది. ఆకాశము విఱిగిపడలేదు.

ఇంటికి వచ్చుసరికి ఈ మాట నాకంటె ముందు వచ్చినది. "ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లను పెట్టుకుని ఊరంతా చాటుతావట్రా?" అని మా అమ్మ కన్నీరు పెట్టుకొనెను. ఆమె భయము నిరాధారము గాదు. అంతకు పూర్వము రెండుమార్లు కబురంపిన యొక సంబంధమువారు మఱి కబురంపలేదు, కారణమును చెప్పలేదు. అమ్మాయి బి.ఎస్సీ. చదువుచున్నది. "పోనీ నాయనమ్మా, నా చదువు కానీ. పేరు వింటేనే పారిపోయేవాళ్ళు రేపు నాకు జ్వరమొస్తే మంచినీళ్ళిస్తారా?" అనెను. మా అమ్మ ఆ మాటకు సమాధానపడలేదు. కాని, తరువాత చుట్టములు వచ్చినపుడు నెమ్మనుట మానివేసెను.

ఆ వారమే మా బడిలోని యొక ఉపాధ్యాయిని, అందఱు పోయినవఱకు ఆగి, నాతో మాటలాడెను. రెండేండ్లక్రిందట ఆమెకు రొమ్ము క్యాన్సరునకు శస్త్రచికిత్స జరిగినదట. పుట్టింటివారికి తప్ప తెలియదు. నాటినుండి చంకలోను, చేతి లోపలివైపునను మంట. రవిక తగిలిన ఓర్వరానిది. "దేవుడు ప్రాణం పోశాడు, ఇంక ఇది అడిగితే అత్యాశ అనుకున్నానండీ" అనెను. ఆ శస్త్రములోను చంకలోని నరము నలుగుటచే ఇట్టి నొప్పి కలుగుననియు, దానికిని ఇవే మందులు పనిచేయవచ్చుననియు చెప్పి వైద్యురాలి చిరునామా నిచ్చితిని. ఆమె రెండేండ్లు ఓర్చినది బాధనుగాదు, మన మౌనమును. స్త్రీల విషయమున ఈ మౌనము రెట్టింపు. ఓర్పునకు వారే పుట్టినారని మనము నమ్మించితిమి.

ఇంకొక ప్రశ్నకును సమాధానము చెప్పవలయును. ఈ వ్యాధి యనగానే, "చుట్టా? సిగరెట్టా?" అని యడుగుదురు. నేను రెండును ముట్టలేదు. ముట్టనివారికిని ఇది వచ్చును. ఇతరులు విడిచిన పొగ, వాహనముల పొగ, వంటింటి పొగ కూడ ఊపిరితిత్తులకు శత్రువులే. పొగాకు అన్నింటికంటె పెద్దకారణమనుటలో సందేహము లేదు. ఉత్తరాంధ్రతీరమున నిప్పువైపును నోటిలో నుంచుకొని స్త్రీలు అడ్డపొగ త్రాగుటయు, దానిచే అంగుట క్యాన్సరు కలుగుటయు వైద్యగ్రంథములకెక్కిన విషయములు. పొగ మానుడని గట్టిగా చెప్పవలసినదే. కాని, ఆ హితవు వ్యాధి రాకముందు చెప్పవలసినది. కోసి కుట్టిన పిమ్మట నిందగా వాడవలసినది గాదు. 1933 లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఎవార్ట్స్ గ్రాహమను శస్త్రవైద్యుడు ఈ రోగము వచ్చిన యొక వైద్యునికి ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా తీసివేసి బ్రతికించెను. ఆ గ్రాహమే 1950 లో విండరుతో గలిసి సిగరెట్టునకును ఈ రోగమునకును గల సంబంధమును ప్రకటించెను. చాలకాలము పొగత్రాగిన ఆయన 1957 లో ఈ రోగముచేతనే పోయెను. ఆయన కాపాడిన రోగి ఆయన తరువాతను బ్రదికియుండెను. ఎవరు అర్హులు, ఎవరు అనర్హులు అని లెక్కించువారు ఈ చరిత్రను చదువవలయును. పొగత్రాగినవాని నరమును త్రాగనివాని నరమును నలిగినపుడు ఒక్కతీరుననే మండును.

చదువరులారా! మీ యింట నొకరు ఈ శస్త్రము చేయించుకొని వచ్చినచో వ్యాధిపేరును వారియెదుట దాచకుడు. మంచముననే యుండుమనక చేయిపట్టి నడిపింపుడు. నొప్పి యెక్కడ, ఎట్లు, ఎప్పుడు అని యడిగి, కాగితముపై వ్రాసి వైద్యునికి చూపుడు. రెండు మూడు మాసములు గడచినను తగ్గకున్నచో నరపునొప్పికి వేఱుగ వైద్యమున్నదని తెలిసికొనుడు. ఒక వైద్యుడు లేదన్న మఱియొకరి నడుగుడు. ఆయాసము హఠాత్తుగా హెచ్చినను, జ్వరము వచ్చినను, రక్తము పడినను ఓర్పును పొగడుచు కూర్చుండక వెంటనే ఆస్పత్రికి తీసికొనిపొండు. అన్నిటికంటె ముందు, నొప్పియున్నదని చెప్పినవానిని నమ్ముడు. ఆ నమ్మకమునకు వెల లేదు, చీటి అక్కఱలేదు. అది మన చేతిలోనే యున్నది.